నెలకి ఒక చీటీ, వారానికి ఒక సంచి: సరుకుల ఖర్చు తగ్గించుకోవడం ఎలా

కొత్తిమీర కట్ట కోసం వెళ్లి రెండు వందల రూపాయల సామానుతో తిరిగి రావడం మీకూ అనుభవమే అయి ఉంటుంది. కొట్టులో బిస్కెట్ ప్యాకెట్ కనిపిస్తుంది, పిల్లలు గుర్తొస్తారు. సబ్బు మీద ఏదో ఆఫర్ ఉంటుంది. కొత్తిమీర పది రూపాయలే, కానీ ఆ నడక ఖరీదు రెండు వందలు.

మా ఇంట్లో నలుగురం. ఒకసారి నెల మధ్యలోనే డబ్బుకి ఇబ్బంది వచ్చి, ఎక్కడ పోతోందో చూద్దామని బిల్లులు, ఫోన్‌లో పేమెంట్లు అన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఆ నెలలో సరుకులు, కూరగాయల కోసం 27 సార్లు డబ్బు కట్టాం. పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లో పెట్టిన ఆర్డర్లు కూడా అందులోవే. అందులో 19 సార్లు, అనుకున్న వస్తువుతో పాటు అనుకోనిది కూడా ఇంటికి వచ్చింది. అప్పటిదాకా నేను కందిపప్పు ఏ కొట్టులో రెండు రూపాయలు తక్కువో వెతికేదాన్ని. అసలు ఎన్నిసార్లు కొంటున్నామన్నది ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

తర్వాత నెమ్మదిగా మార్చుకుంటూ వచ్చాం. ఇప్పుడు నెలకి ఒకసారి సరుకులు, వారానికి ఒకసారి కూరగాయలు, మధ్యలో మహా అయితే ఒకటి రెండుసార్లు కొట్టుకి వెళ్తాం. తిండి ఏమీ తగ్గించుకోలేదు. ఎలా చేశామో వరసగా చెబుతాను. అన్నీ ఒకే నెలలో మొదలుపెట్టకండి, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

మొదటి నెల: ఏమీ మార్చకండి, రాయండి

ఒక చిన్న నోట్‌బుక్ వంటింట్లో వేలాడదీయండి. ఎవరు ఏం కొన్నా అందులో ఒక లైన్ రాయాలి: తేదీ, దేని కోసం వెళ్లారు, ఏమేం తెచ్చారు, ఎంతయింది. యాప్‌లో తెప్పించినా రాయాలి. వెళ్లిన పనిలో లేని వస్తువుల కింద గీత గీయండి.

ఇంట్లో ఎవరినీ తప్పు పట్టడానికి కాదు ఇది, ముందే ఆ మాట అందరికీ చెప్పండి. లేకపోతే మగవాళ్లు, పిల్లలు రాయడం మానేస్తారు, లెక్క తప్పుతుంది.

నెలాఖరున రెండు అంకెలు చూడండి: మొత్తం ఎన్నిసార్లు కొన్నారు, గీత గీసినవాటి మొత్తం ఎంత. నెలకి 25 సార్లు వెళ్లి, వెళ్లినప్పుడల్లా 60 రూపాయల అదనపు సామాను తెస్తే 1,500 రూపాయలు. ఏడాదికి 18,000. మీ ఇంటి అంకె ఇంతకంటే తక్కువ ఉండొచ్చు, ఎక్కువ ఉండొచ్చు. కానీ మీ చేత్తో మీరు రాసుకున్న అంకె చూశాక, ఇంట్లోవాళ్లని ఒప్పించడానికి వేరే మాటలు అవసరం పడవు.

అదే నెలలో ఇంకో పని కూడా చేయండి. ప్రతి ప్యాకెట్ విప్పినప్పుడు దాని మీద పెన్నుతో తేదీ వేయండి: నూనె, పంచదార, టీ పొడి, మినప్పప్పు, ఉప్పు, డిష్‌వాష్ సబ్బు, అన్నిటి మీదా. అయిపోయిన రోజు ఆ తేదీ చూసి నోట్‌బుక్‌లో ఎక్కించండి. లీటరు నూనె ఎన్ని రోజులు వచ్చిందో, అరకిలో మినప్పప్పు ఎన్నిసార్ల ఇడ్లీ పిండికి సరిపోయిందో అప్పుడు తెలుస్తుంది. బియ్యానికి ఇంకా సులువు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పులో దాదాపు 150 గ్రాముల బియ్యం పడతాయి. రోజుకి నాలుగు కప్పులు పెడితే 600 గ్రాములు, నెలకి 18 కిలోలు. చుట్టాలకి, పండగలకి ఇంకో రెండు కిలోలు వేసుకోండి. ఈ కొలతలు లేకుండా నెల చీటీ రాస్తే కొన్ని 20వ తేదీకే అయిపోతాయి, కొన్ని మూడు నెలలు మూలన పడి ఉంటాయి.

సరుకుల్ని నాలుగు భాగాలు చేయండి

మన అమ్మమ్మలు, నాయనమ్మలు వంటిల్లు నడిపిన పద్ధతే ఇది. కొన్ని ఏడాదికి ఒకసారి, కొన్ని నెలకి ఒకసారి, కొన్ని వారానికి ఒకసారి, కొన్ని రోజూ.

ఏడాదివి: ఎండుమిర్చి, పసుపు, చింతపండు, కుదిరితే బియ్యం, కందిపప్పు, ఆవకాయ. నెలవి: మిగతా పప్పులు, పోపు సామాన్లు, నూనె, పంచదార, రవ్వలు, పిండ్లు, టీ, కాఫీ, సబ్బులు. వారానివి: కూరగాయలు, పళ్లు, గుడ్లు, మాంసం తినేవాళ్లకి అది. రోజూ కావలసినవి నిజానికి పాలు మాత్రమే. పెరుగు ఇంట్లో తోడు పెట్టుకుంటే దానికోసం వెళ్లే పని కూడా ఉండదు. కరివేపాకు మొక్క ఒక పెద్ద కుండీలో వేసుకోండి, ఎండ తగిలే బాల్కనీ చాలు. పాలు పోసేవాళ్లనో ప్యాకెట్లు వేసేవాళ్లనో మాట్లాడుకుంటే గుమ్మం దగ్గరికే వస్తాయి. పాల ప్యాకెట్ కోసం రోజూ కొట్టుకి వెళ్లే ఇంట్లో మిగతా జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా నిలవవు, ఎందుకంటే రోజూ ఆ కొట్టు గుమ్మం తొక్కుతూనే ఉంటారు.

నెల చీటీ

నెలాఖరు ఆదివారం ఒక గంట కేటాయించండి. ముందు డబ్బాలన్నీ కిందికి దించి చూడండి. ఇంట్లో ఉన్నది చూడకుండా రాసిన చీటీ, డబ్బాలో ఉన్న జీలకర్రనే మళ్లీ తెప్పిస్తుంది. ఉన్నది ఎంత, నెలకి కావలసింది ఎంత, తేడా ఎంత: ఆ తేడానే చీటీ మీద రాయాలి, పరిమాణంతో సహా. "పెసరపప్పు" అని కాకుండా "పెసరపప్పు ముప్పావు కిలో" అని.

రేషన్ కార్డు ఉన్నవాళ్లు అందులో వచ్చేది ముందే తీసేసి మిగతాది రాసుకోండి. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి కార్డులో పేరున్న మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు. నలుగురికి 24 కిలోలు. పైన చెప్పిన లెక్కలో అది నెలంతటికీ సరిపోతుంది. అలాంటి ఇంట్లో అలవాటు కొద్దీ ఇంకో బస్తా దించుకుంటే ఆ డబ్బు ఊరికే బియ్యం రూపంలో పడి ఉంటుంది.

చీటీ ఎక్కడ ఇవ్వాలి? నాకైతే పాత పద్ధతి కిరాణా కొట్టే మేలనిపిస్తుంది. చీటీ ఇస్తే వాళ్లే కట్టి పెడతారు, చాలామంది ఇంటికి పంపిస్తారు కూడా. అరల మధ్య మీరు తిరగరు కాబట్టి చీటీలో లేనిది బుట్టలో పడదు. సూపర్‌మార్కెట్‌లో ధర కాస్త తక్కువ ఉండొచ్చు, అక్కడికే వెళ్లాలనుకుంటే కడుపు నిండా తిని వెళ్లండి, ఒక్కరే వెళ్లండి, చీటీ చేత్తో పట్టుకుని వెళ్లండి. హైదరాబాద్‌లో బేగం బజార్, విజయవాడలో గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ లాంటి చోట్ల పప్పులు, డ్రై ఫ్రూట్స్, మసాలా దినుసులు చవగ్గా దొరుకుతాయి. అయితే ఆటో ఖర్చు కూడా ఆ బిల్లులోనే కలిపి చూడండి. ఒక్క ఇంటి సామానుకి గిట్టదు. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి మూడు నెలలకోసారి వెళ్తే గిడుతుంది.

ధర చూసేటప్పుడు ప్యాకెట్ ధర చూడకండి, కిలోకి ఎంతో చూడండి. ఎంఆర్‌పీ దగ్గరే గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందన్నది కూడా ప్యాకెట్ మీద వేయాలన్న నిబంధన ఉంది, వెతికితే కనిపిస్తుంది. ఇది ముఖ్యంగా నూనె దగ్గర చూడాలి. లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పక్కనే అదే సైజులో కనిపించే ప్యాకెట్ 850 గ్రాములదైతే, ఐదు రూపాయలు తక్కువని తీసుకోవడం నష్టమే. బియ్యం బస్తాల దగ్గర కూడా అంతే. ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోలు, అంతకంటే తక్కువ ఉంటే 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ పడుతోంది. అప్పటినుంచే 26 కిలోల బస్తాలు ఎక్కువయ్యాయి. ఒక కొట్టులో 25, ఇంకో కొట్టులో 26 ఉంటే కిలోకి భాగించి పోల్చండి.

నెల సామాను ఇంటికి వచ్చాక ప్రతిదాంట్లోనూ కొంచెం తీసి పక్కన పెట్టేయండి: పావుకిలో కందిపప్పు, పావుకిలో పంచదార, ఒక నూనె ప్యాకెట్, ఒక టీ పొడి. అటక మీద డబ్బాలో పెట్టి 25వ తేదీ దాకా తీయకండి. చివరి వారంలో కొట్టుకి పరుగెత్తకుండా ఆపేది ఈ డబ్బానే. అది వాడకుండా మిగిలితే వచ్చే నెల చీటీలో అంత తగ్గుతుంది.

వారం సంచి

అసలు కష్టం ఇక్కడే. పప్పులు ఎక్కడికీ పోవు, కూరగాయలు వాడిపోతాయి. అందుకే చాలామంది రెండు రోజులకోసారి కొంటారు. వాడిపోకుండా ఉండాలంటే రెండు విషయాలు తెలియాలి: దేన్ని ముందు వండాలి, దేన్ని ఎలా దాచాలి.

వారపు సంతో, రైతు బజారో మీకు దగ్గరగా ఏది ఉంటే అక్కడికి ఒక రోజు పెట్టుకోండి. రైతు బజార్లు 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలయ్యాయి. ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, కాబట్టి బేరమాడే పని తక్కువ. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, మెహిదీపట్నం, విజయవాడ పటమట, విశాఖ ఎంవీపీ కాలనీ లాంటి పెద్ద బజార్లలో పొద్దున్నే వెళ్తే సరుకు తాజాగా ఉంటుంది. సాయంత్రం ముగిసే వేళ ధర తగ్గుతుంది గానీ, వారం రోజులు దాచుకోవాలనుకునేవాళ్లకి పొద్దుటి సరుకే కావాలి. ఆదివారం సాయంత్రం చవగ్గా కొన్న టమాటాలు బుధవారానికే మెత్తబడతాయి.

లోపలికి వెళ్లగానే కొనడం మొదలుపెట్టకండి. ఒక చుట్టు తిరిగి ఏవి కుప్పలుగా వచ్చాయో చూడండి. ఎక్కువ వచ్చినదే ఆ రోజు చవక. చీటీలో "బీరకాయ" అని కాకుండా "ఒక తీగ కాయ" అని రాసుకోండి. బీర, సొర, కాకర, పొట్ల, వీటిలో ఏది చవగ్గా ఉంటే అది తెచ్చుకోవచ్చు.

వండే వరస ఇలా పెట్టుకోండి. ఆదివారం కొన్నారనుకుందాం. ఆదివారం, సోమవారం ఆకుకూరలు: తోటకూర, పాలకూర, మెంతికూర, గోంగూర. ఇవి మంగళవారం దాటితే చెత్తబుట్టకే. మంగళ, బుధవారాల్లో బీరకాయ, వంకాయ, బెండకాయ. గురువారం దొండకాయ గానీ గోరుచిక్కుడు గానీ. శుక్రవారం క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్. శనివారానికి దోసకాయ, కంద, చామదుంప, బంగాళదుంప. దోసకాయ ఫ్రిజ్ లేకపోయినా వారం ఉంటుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో కూడా ఈ వరస నడుస్తుంది, బెండ, వంకాయల్ని ఒక రోజు ముందుకి జరిపితే చాలు.

గోంగూర ఎక్కువ వచ్చిందా? కడిగి, తడి పూర్తిగా ఆరాక నూనెలో మగ్గించి, ఉప్పు వేసి సీసాలో పెట్టండి. ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటుంది. పప్పులో వేసుకున్నా, ఎండుమిర్చి పోపుతో పచ్చడి నూరుకున్నా ఒక పూట గడిచిపోతుంది.

దాచడంలో అన్నిటికీ వర్తించే మాట ఒకటే: తడి ఉండకూడదు. ఇంటికి తెచ్చీ తేగానే అన్నీ కడిగి ఫ్రిజ్‌లో పెట్టడం చాలా ఇళ్లలో అలవాటు. వండే ముందు కడగండి. ఏ కారణం చేతనైనా ముందే కడిగితే బట్ట మీద పరిచి పూర్తిగా ఆరనివ్వండి.

కొత్తిమీర వేళ్లు కోసి, పాడైన ఆకులు ఏరి, న్యూస్‌పేపర్ కాకుండా తెల్ల కాగితంలోనో పలచటి నూలు బట్టలోనో చుట్టి మూతున్న డబ్బాలో పెట్టండి. వారం పైనే ఉంటుంది. పచ్చిమిర్చికి తొడిమలు తీసేయండి, కుళ్లడం అక్కడే మొదలవుతుంది. డబ్బా అడుగున బట్ట వేసి పెడితే రెండు వారాలు ఢోకా లేదు. కొనే కరివేపాకైతే రెబ్బల నుంచి దూసి డబ్బాలో వేయండి. బెండకాయల్ని పొడి బట్టతో తుడిచి పెట్టండి. క్యారెట్, ముల్లంగికి ఆకులు ఉంటే కోసేయండి, అవి దుంపలోని నీటిని లాగేస్తాయి. మునగకాడలు ముక్కలు చేసి డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో చోటూ కలిసొస్తుంది.

టమాటాలు సగం దోరవి, సగం పండువి కొనండి. దోరవి బయట బుట్టలో, తొడిమ కిందికి వచ్చేలా పేర్చండి. పండినవి మాత్రమే ఫ్రిజ్‌లో. ఉల్లిపాయలు, బంగాళదుంపలు ఒకే బుట్టలో పెట్టకండి, దుంపలు తొందరగా మొలకెత్తుతాయి. రెండిటికీ గాలి ఆడాలి, వెలుతురు తగలకూడదు.

ఇంటికి వచ్చాక ఈ సర్దుడికి ముప్పావు గంట పడుతుంది. పిల్లలకి తొడిమలు తీసే పని ఇవ్వండి, ఇష్టంగా చేస్తారు. ఈ ముప్పావు గంట తప్పించుకుంటే వారం మధ్యలో మూడుసార్లు బజారుకి వెళ్లాల్సి వస్తుంది, నాకు బాగా తెలుసు.

ఏదైనా అయిపోతే

వారం మధ్యలో ఏదో ఒకటి తప్పకుండా అయిపోతుంది. అప్పుడు లేవకండి. ఫ్రిజ్ మీద ఒక కాగితం అతికించి, అయిపోయింది రాయండి. మూడు రోజులు ఆగండి. మూడు రోజులయ్యాక కూడా అది లేక ఇబ్బంది అవుతుంటే, అప్పటికి ఆ కాగితం మీద చేరిన మిగతావాటితో కలిపి ఒకేసారి తెచ్చుకోండి. మందులు, పసిపిల్లల వస్తువులకి ఈ మాట వర్తించదు.

మన వంటలో ఒకటి లేకపోతే ఇంకోటి ఎప్పుడూ ఉంటుంది. టమాటా లేకపోతే చింతపండు. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటిపోయినప్పుడు ఎన్నో ఇళ్లలో చింతపండు చారే నడిచింది. రుచికి ఏ లోటూ రాలేదు. నిమ్మకాయ లేకపోతే పులిహోర చింతపండుతో. వేసవిలో అయితే పచ్చి మామిడికాయ ఉండనే ఉంది. కొత్తిమీర లేకుండా చారు కాగుతుంది, ఇంగువ పోపు గట్టిగా వేయండి.

కూర ఏమీ లేని రోజు కోసం ఒక పట్టీ రాసి అల్మరా తలుపు లోపల అంటించుకోండి. మా ఇంట్లోది ఇది: పచ్చిపులుసు, ముద్దపప్పు ఆవకాయ, ఉల్లిపాయ పులుసు, మజ్జిగ పులుసు, నానబెట్టిన అలసందల కూర, సెనగల కూర, గుడ్ల పులుసు, కందిపొడి నెయ్యి, వడియాలు వేయించి మెంతి మజ్జిగ. రాత్రికైతే పెసరట్టు, ఉప్మా. వీటిలో ఏదీ లోటు భోజనం కాదు. అలసిపోయిన సాయంత్రం "ఏం వండాలి" అని నిలబడిపోయినప్పుడే చెయ్యి ఫోన్ మీదికి వెళ్తుంది, ఆ పట్టీ ఉంటే వెళ్లదు. నెల మొదట్లో ఒక పూట కూర్చుని కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి చేసి పెట్టుకోండి.

యాప్ సంగతి కూడా చెప్పాలి. వస్తువు ధర కాకుండా డెలివరీ చార్జీ, హ్యాండ్లింగ్ చార్జీ అంటూ చేరుతుంటాయి. ఇంత మొత్తం దాటితే డెలివరీ ఫ్రీ అని చూపిస్తే, 30 రూపాయలు తప్పించుకోవడానికి 120 రూపాయల వస్తువు కలుపుతాం. ఒక నెల ఆ యాప్ తీసేసి చూడండి. తీసేయలేకపోతే నోటిఫికేషన్లు ఆపి, దాచిన కార్డు వివరాలు తొలగించండి. ప్రతిసారీ అంకెలు కొట్టాల్సి వస్తే సగంసార్లు వద్దనిపిస్తుంది. ఇంట్లో ముసలివాళ్లు ఒంటరిగా ఉంటే, బయటికి వెళ్లలేని వాళ్లుంటే యాప్ మంచి సాయమే. వాళ్లు కూడా వారానికి ఒక్క ఆర్డర్‌గా కలిపి పెట్టుకోవచ్చు.

ఏడాది సరుకులు

ఇది ఆరు నెలలు గడిచాక, చేతిలో కొంచెం డబ్బు మిగలడం మొదలయ్యాక చేయండి. దీనికోసం అప్పు చేయకండి, కార్డు మీద పెట్టకండి. మొదటి ఏడాది ఒక్క చింతపండుతో మొదలుపెట్టినా చాలు.

కొత్త చింతపండు, కొత్త మిర్చి, కొత్త పసుపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య మార్కెట్‌కి వస్తాయి. చింతపండు గింజ, ఈనె తీసి, ఎండబెట్టి, కొంచెం ఉప్పు కలిపి ఉండలు చేసి జాడీలో పెట్టాలి. లోహపు డబ్బాలో వద్దు, పులుపుకి లోహం పాడవుతుంది. మిర్చి గుంటూరు రకాల్లో తేజ ఘాటుగా ఉంటుంది, రంగుకి బ్యాడిగి రకం మిర్చి కొంచెం కలుపుతారు. ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టి, మరపట్టించి, చల్లారాకే జాడీకి ఎత్తండి. పసుపు కొమ్ములుగానే కొని దాచి, ఆరునెలలకోసారి పొడి చేయించుకుంటే వాసన పోదు.

కంది పంట డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చేతికొస్తుంది. పప్పు ఆ తర్వాత కొనడం మంచిది. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తాండూరు కందిపప్పు తొందరగా ఉడుకుతుందని పేరు. బియ్యం మాత్రం కొత్తవి కొనకండి. కొత్త బియ్యం ముద్దవుతుంది, ఒదగదు. ఏడాది పాతబడిన సాంబ మసూరి అదే కొలతకి ఎక్కువ అన్నం అవుతుంది.

ఎక్కువగా కొని పురుగు పట్టించుకుంటే చవక అంతా పోయినట్టే. కందిపప్పుని ఒక రోజు మంచి ఎండలో పెట్టి, పూర్తిగా చల్లారాక డబ్బాకి ఎత్తండి. వేడి మీద పోస్తే మూతకి చెమట పట్టి బూజు వస్తుంది. కిలోకి చెంచాడు ఆముదం రాసి పెట్టే పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది, వండేముందు కడిగితే పోతుంది. బియ్యం ఎర్రటి ఎండలో పోయకండి, విరిగి నూక అవుతాయి. నీడలో ఆరబోసి, నీడలోనే ఆరిన వేపాకు, నాలుగు ఎండుమిర్చి వేసి మూత బిగించండి. పచ్చి వేపాకు వేస్తే దాని తడికి బియ్యం పాడవుతాయి. పురుగుల కోసం మందు పొడులు, బిళ్లలు తినే సరుకులో కలపకండి.

కొన్ని ఎంత చవగ్గా వచ్చినా నెలకి మించి కొనకూడదు. బొంబాయి రవ్వ, గోధుమ పిండి, శనగపిండి తొందరగా పురుగు పడతాయి. రవ్వని వేయించి చల్లార్చి పెడితే కొంత మేలు. వేరుశెనగ గుళ్లు, నువ్వులు, ఎండుకొబ్బరి, నూనె మక్కిపోతాయి. వేరుశెనగ గుళ్ల మీద బూజు కనిపిస్తే ఏరుకుని వాడకండి, మొత్తం పారేయండి. అది ఆరోగ్యానికి చాలా ప్రమాదం. కాఫీ పొడి వాసన పోతుంది. ఇలాంటివి రెండు కొంటే ఒకటి ఉచితమన్నా వదిలేయండి.

నెలకి ఒకేసారి డబ్బు పెట్టలేని ఇళ్లు

రోజు కూలీ మీద, వారం జీతం మీద నడిచే ఇంట్లో నెల సామాను ఒకేసారి కొనడం కుదరదు. ఆ ఇళ్లే చిన్న పొట్లాలు కొని ఎక్కువ ధర కడుతున్నాయి, ఇది నాకు బాధ కలిగించే విషయం. వాళ్లు వారానికి ఒక్క వస్తువు పెద్ద ప్యాకెట్‌కి మార్చుకుంటూ వెళ్లొచ్చు. ఈ వారం ఉప్పు, పసుపు లాంటి చవక వస్తువు, వచ్చే వారం పంచదార, ఆ తర్వాత పప్పు. నాలుగిళ్లవాళ్లు కలిసి ఐదు కిలోల పప్పు కొని పంచుకున్నా చిల్లర ధర తప్పుతుంది. తూకం అందరి ఎదుటా వేస్తే మాట రాదు.

ఒంటరిగా రూమ్‌లో ఉండే పిల్లలైతే ఏడాది సరుకుల జోలికి వెళ్లక్కర్లేదు. వారం సంచి, కూర లేని రోజు పట్టీ, ఈ రెండూ చాలు.

మిగిలినది కనబడేలా పెట్టండి

మొదటి నెల నోట్‌బుక్‌లో వచ్చిన మొత్తం పక్కన ప్రతి నెలా కొత్త మొత్తం రాయండి. తేడా ఎంతో చూసి, అంత డబ్బు ఆ రోజే వేరే తీసి పెట్టండి, డబ్బాలోనో, పోస్టాఫీసు ఖాతాలోనో. అలా తీయకపోతే అది మిగతా ఖర్చుల్లో కలిసిపోతుంది, మిగిలిందని కూడా తెలియదు. కొన్ని నెలల్లో తేడా రాదు. పండగ నెల, పెళ్లిళ్ల నెల, చుట్టాలొచ్చిన నెల అలాగే ఉంటాయి. ఆ నెల పక్కన కారణం రాసి వదిలేయండి.

మేం ఆ డబ్బుని మార్చి దాకా ముట్టుకోం. మార్చిలో దాన్ని తీసి ఏడాదికి సరిపడా చింతపండు, మిర్చి కొంటాం. డాబా మీద రెండు రోజులు ఆరబెట్టుకుంటాం.